గిది యాడ పండుకుంటది?

ఈ మధ్య మా ఇంట్లో భోజనాల దగ్గర ఫోన్‌లో ఒకమ్మాయి కనిపిస్తున్నది. తెల్లటి గోడలు, తెల్లటి పరుపు, గది మొత్తానికి ఒక కుర్చీ, ఒక పూలకుండీ. ఆ అమ్మాయి నవ్వుతూ బట్టలు మడతపెడుతుంది, నవ్వుతూ వాటిని అల్మారాలో నిలబెడుతుంది, అక్కరలేనివి నవ్వుతూ సంచిలో వేస్తుంది. మా ఆవిడ ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోతుంది. నాకు మాత్రం ఆ అమ్మాయిని మా హుజూరాబాద్ ఇంటికి తీసుకొచ్చి, మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు పంపిన అట్టపెట్టెలన్నీ పేర్చిన సజ్జ కింద నిలబెట్టాలని ఉంటుంది. అప్పుడు చూడాలి ఆ నవ్వు.

నిజానికి ఆ అమ్మాయి చెప్పేవన్నీ నాకు తెలిసినవే. చిన్నప్పటి నుంచి మా మేనత్త నోట విన్నవే. తేడా ఏమిటంటే మా అత్త నవ్వుతూ చెప్పేది కాదు. నీ భుజం మీది తువ్వాల లాక్కుని, దానితోనే ఫ్యాను రెక్కలు తుడిచి, మళ్లీ దాన్ని నీ చేతిలోనే పెట్టి, “సూడు, గింత మన్ను నెత్తి మీద తిప్పుకుంట గాలొస్తుందనుకుంటున్నవ్” అనేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఫోన్‌లో అమ్మాయి నవ్వినప్పుడల్లా నాకు ఆ తిట్లు గుర్తొస్తున్నాయి. ఆమె మీద బెంగగా ఉంటున్నది.

ఆమె పేరు రాయను. రాస్తే, “నా పేరు తీస్కపోయి యాడవడితే ఆడ వెడ్తవా?” అంటుంది. మా బాపుకు అక్క, ఉండేది మెట్‌పల్లిలో, ఇంతవరకు చాలు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. చీర చెంగు తిప్పి నడుముకు దోపిందంటే ఆ ఇంట్లో ఆ పూట తిండి ఆలస్యమవుతుందని అర్థం. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది. అందులో అడుగున ఆమె చీరలు, పైనంతా చినిగిన బనీన్ల ముక్కలు. తుడవడానికి మా ఇంట్లో దొరికే గుడ్డల మీద ఆమెకు నమ్మకం లేదు.

ఆమె బస్సు దిగి ఇంటికి రాగానే అందరం “అత్తా, మంచిగున్నవా” అంటూ ఎదురుపోయేవాళ్లం. ఆమె గల్మలో, గడప దగ్గరే నిలబడి, చెయ్యి పైకెత్తి, దర్వాజ పైపట్టె మీద వేలితో ఒక గీత గీసేది. ఆ వేలు తను చూసుకునేది, తర్వాత మాకందరికీ చూపించేది, ఆ తర్వాతే “మంచిగున్నరా?” అని అడిగేది. ఆమె వస్తుందని తెలిస్తే మా ఆవిడ ముందు రోజే స్టూలెక్కి ఆ పట్టె తుడిచి పెట్టుకునేది. ఒకసారి అట్లా తుడిచి గెలిచాననుకుంది. అత్త వేలు చూసుకుంది, మరక లేదు. వంగి ఫ్రిజ్ కిందికి చెయ్యి పోనిచ్చింది. మా ఆవిడ మొహం చూడలేక నేను చాయ్ పెట్టడానికి లోపలికి పోయాను.

ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా అత్త అడిగే ప్రశ్న ఒక్కటే. “గిది యాడ పండుకుంటది?” మనిషికి పడక ఉన్నట్టే వస్తువుకూ ఒక పడక ఉండాలని ఆమె పట్టు. పడక లేని వస్తువు మొదటి రోజు టేబుల్ మీద, రెండో రోజు కుర్చీలో, ఆ తర్వాత మంచం మీద పండుకుంటుంది, చివరికి మనుషులు కింద పండుకోవాలి అనేది. మిక్సీ కొన్నా ఇదే ప్రశ్న, గోడ గడియారం కొన్నా ఇదే. మా ఆవిడ అరికాళ్లు నొక్కే మిషన్ ఒకటి తెప్పించుకున్నప్పుడు, అది ఏం పని చేస్తుందో కూడా అడగకుండా “యాడ పండుకుంటది?” అంది. అది ఇప్పటికీ మంచం కిందే ఉంది, దాన్ని తన్నుకుని అరికాళ్లు నొప్పి పుట్టినప్పుడు మాత్రం గుర్తొస్తుంది.

మా బిడ్డ పుట్టినప్పుడు చుట్టాలంతా చుట్టూ మూగి ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని వాదించుకుంటున్నారు. అత్త ఆ పిల్ల వైపు ఒకసారి చూసింది, గది నాలుగు మూలలూ చూసింది, “ఇగ గిది యాడ పండుకుంటది?” అంది. నవ్వారందరూ. కానీ నిజంగానే ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఉయ్యాల కట్టాల్సిన దూలం కింద బీరువా ఉంది. ఆ సాయంత్రం నేను, బాపు చెమటలు కక్కుతూ బీరువా జరిపాం, ఆమె ఎదురుగా పీట మీద కూర్చుని “ఇంకింత... ఇంకింత... ఆగు, గంత గాదు” అంటూ నడిపించింది.

ఆమె పద్ధతులు పద్ధతులే. దులిపేది పైనుంచి కిందికి, ఊడ్చేది మూలల నుంచి మధ్యకు. బూజు దులిపే కర్రకు తడి గుడ్డ చుట్టాలి, లేకపోతే బూజు ఒక గోడ మీది నుంచి ఇంకో గోడ మీదికి కాపురం మారుస్తుందంతే. బోరు నీళ్లకు నల్లాల మీద పట్టే తెల్ల చారకు నిమ్మచెక్క రుద్ది కాసేపు వదిలేయాలి. కిటికీ అద్దాలు ఎండలో తుడవకూడదు, చారలు పడతాయి. రోజూ వాడే డబ్బా నడుముకూ కంటికీ మధ్య ఉండాలి, పండుగకు వాడేది పైన, బరువుది కింద. నేల మీద ఏదీ పెట్టకూడదు, పెడితే ఊడ్చేవాళ్లు దాని చుట్టూ తిరిగి పోతారు తప్ప కదిలించరు. ఇదంతా మాకు నోటికి వచ్చు. పాటించడం వేరే విషయం.

ఆమె ఏం చేసినా బాగుండేదని చెబితే అబద్ధం. మా హాలుకు రంగు ఆమే ఎంచింది. “కంటికి సల్లగుంటది” అని లేత పచ్చ వేయించింది. పగలు సరే, ట్యూబ్‌లైట్ వేస్తే ఇంట్లో అందరం పసిరికలు, అదే పచ్చకామెర్లు, తగిలినట్టు కనబడేవాళ్లం. ఇక ఆమె సర్దిపోయిన తర్వాత కొన్ని రోజులు మాకు ఏదీ దొరికేది కాదు. ప్రతి వస్తువూ దానికి తగిన చోటే ఉండేది, కాని ఆ చోటు ఆమెకు ఒక్కదానికే తెలుసు. ఉప్పు కోసం మెట్‌పల్లికి ఫోన్ చేసిన సందర్భాలు ఉన్నాయి. “ఉప్పు పొయ్యికి కుడి చెయ్యి పక్కనుంటది గాని ఇంకేడుంటది? నీ కుడి చెయ్యి యాడున్నదో ఎరికేనా?” అని తిట్టి పెట్టేసేది.

మా అవ్వకూ (అమ్మను మేం అవ్వ అంటాం) అత్తకూ మధ్య డబ్బాల మీద చాలా ఏళ్లు నడిచింది. అవ్వ వంటింట్లో అన్నీ ఒకే తీరు స్టీలు డబ్బాలు. పప్పేదో, చింతపండేదో మూత తీస్తే గాని తెలియదు. అవ్వకు మాత్రం మూత తియ్యాల్సిన పని లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపితే చాలు, కంది, పెసర, శనగ చప్పుడుతోనే చెప్పేది. అత్త వచ్చి వాటన్నింటినీ దింపి సరుకు గాజు సీసాల్లో పోసేది. అత్త ఎక్కిన బస్సు కరీంనగర్ చేరకముందే అవ్వ అంతా మళ్లీ స్టీలు డబ్బాల్లోకి వంపేది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఆ పప్పులే పాపం, ఏడాదికి ఎన్నిసార్లు ఇల్లు మారాయో.

దసరాకు ముందు మా వైపు ఇల్లంతా బయట పెట్టి, కడిగి, సున్నాలు వేసుకోవడం ఆనవాయితీ. అత్తకు ఈ ఆనవాయితీ మీద చిన్నచూపు. “ఏడాదికోసారి ఇల్లంత ఆకిట్ల వడేత్తరు, కడుగుతరు, మల్ల గంతకు గంత లోపలేత్తరు. సామాన్లకు తానం వోసుడు తప్ప ఏం జేసిండ్రు?” అనేది. ఒక దసరాకు ముందు వచ్చి సజ్జ మీది అట్టపెట్టెలు దింపించింది. తమ్ముడు పంపిన పెద్ద పెట్టె తెరిస్తే లోపల ఇంకో పెట్టె, అది తెరిస్తే మరొకటి, ఆఖరిదాంట్లో టీవీకి చుట్టూ వచ్చే థర్మకోల్ ముక్కలు. “పిల్లా, గివన్ని ఎందుకు?” అని అవ్వను అడిగింది. “అక్కరకత్తయి వదినె” అంది అవ్వ. “దేనికి?” అంటే అవ్వ కొంచెం ఆలోచించి, “పెట్టెలు వెట్టుకునేతందుకు” అంది. అత్త ఆ పెట్టె మీదే కూలబడింది.

ఆ రోజే షోకేస్ గొడవ కూడా జరిగింది. అందులో తమ్ముడు తెచ్చిన బంగారు అంచు గాజు కప్పులు అద్దాల వెనక, తాళంలో ఉండేవి. “గీటిల ఎన్నడన్న చాయ్ తాగిండ్రా?” అంది అత్త. “సుట్టాలత్తె తీస్తం” అంది అవ్వ. “మరి నేనెవ్వలను?” అవ్వ తాళం తీసింది. అందరం ఆ కప్పుల్లో చాయ్ తాగాం. బాపు చేతిలోని కప్పు చెవి ఊడి లుంగీ మీద చాయ్ ఒలికింది. అవ్వ సాయంత్రం దాకా అత్తతో మాట్లాడలేదు. “ఇరిగితె ఇరిగింది, ఇన్నొద్దుల సంది అది అక్కరకొచ్చిందా?” అని అత్త గోడకు చెప్పినట్టు చెప్పి, మిగిలిన కప్పులు కడిగి, తుడిచి, తనే మళ్లీ అద్దాల వెనక పెట్టింది. అవ్వ ఆ కప్పులకు మళ్లీ తాళం వేసింది.

ఇట్లా నవ్వుకోవడానికి ఆమె దగ్గర చాలా ఉన్నాయి. నేను నవ్వలేనిది కూడా ఒకటి ఉంది, అది చెప్పకపోతే ఆమె గురించి ఏమీ చెప్పనట్టే.

బాపుకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కరీంనగర్ ఆస్పత్రిలో ఉంచి, కొంచెం కోలుకున్నాక ఇంటికి తీసుకొచ్చాం. లారీ నడిపిన మనిషి. తన స్టీరింగ్ ఇంకొకరు పట్టుకున్నా ఒప్పుకునేవాడు కాదు, ఇప్పుడు లుంగీ కూడా మేమే కట్టాలి. మాట కొంచెం ముద్దగా వచ్చేది, అందుకని మాట్లాడడమే తగ్గించుకున్నాడు.

మా వైపు జబ్బుపడ్డ మనిషిని చూడబోవడాన్ని మందలిచ్చుడు అంటారు. ఊరంతా వస్తుంది. రాకపోతే తప్పు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టకపోతే ఇంకా తప్పు. అందుకని బాపు వచ్చేసరికే ఇల్లు తయారుగా పెట్టాం. హాలు నడిమిట్ల, వాకిలికి ఎదురుగా మంచం. చుట్టూ అర్ధచంద్రంలాగా ప్లాస్టిక్ కుర్చీలు. పండ్లు, బ్రెడ్లు పెట్టడానికి స్టూలు. సంచిలోంచి ఎన్నడూ తియ్యని పులిబొమ్మ దుప్పటి అవ్వ మొదటిసారి తీసి, అంత ఉక్కలో బాపుకు కప్పింది. వచ్చినవాళ్లు “మంచిగ చూసుకుంటున్నరు” అన్నారు. మాకూ అట్లాగే అనిపించింది.

బాత్‌రూం వెనకాల ఉంది. హాలు దాటి, నడిమి అర్ర దాటి, వంటింటి పక్కనుంచి పోవాలి. బాపు పోవాలంటే నేనొక పక్క, మా ఆవిడ ఒక పక్క పట్టుకోవాలి. మంచం దిగగానే మందలించవచ్చినవాళ్లు మర్యాదకు లేచి నిలబడతారు, కుర్చీలు గరగరమని జరుపుతారు, తలా ఒక సలహా చెబుతారు. ఒకాయన “మంచం కాడ్నే పోతడు, డబ్బ వెట్టరాదుర్రి” అన్నాడు. కోడలు చెయ్యి పట్టుకుని, ఊరందరి ముందు నుంచి బాపు కాలు ఈడ్చుకుంటూ పోయేవాడు, కళ్లు నేల మీదే ఉండేవి.

కొద్ది రోజులకు బాపు నీళ్లు తాగడం మానేశాడు. ఇస్తే “దూపైతలేదు” అని, దాహమే లేనట్టు మొహం తిప్పుకునేవాడు. మూత్రం ఎర్రగా, మంటతో వస్తున్నదని డాక్టరుకు చూపిస్తే, నీళ్లు బాగా తాగించకపోతే మళ్లీ ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తుందని గట్టిగా చెప్పాడు. మేం చెంబు పట్టుకుని చుట్టూ తిరిగాం, బతిమాలాం, అవ్వ ఏడ్చింది. పెదాలు తడుపుకుని చెంబు పక్కన పెట్టేవాడు.

అత్త అప్పుడు వచ్చింది. గల్మలో ఆగలేదు, చెయ్యి పైకెత్తలేదు. నేరుగా వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది, మందలించవచ్చినవాళ్లలో ఒకరిలాగా. బాపు కళ్లు చెంబు వైపు పోవడం, అక్కడి నుంచి వెనక వాకిలి వైపు పోవడం, మళ్లీ దుప్పటి మీది పులి దగ్గరికి రావడం చూస్తూ ఉంది.

“తమ్మీ, నీళ్లెందుకు తాగుతలేవు?”

“దూపైతలేదక్కా.”

“నోరు పిడుచగట్టింది, దూపైతలేదట.”

లేచి చెంగు నడుముకు దోపింది. కుర్చీల్లో ఉన్నవాళ్ల వైపు తిరిగి, “మందలిచ్చిండ్రు గదా, సల్లగుండుర్రి. లేవుర్రి ఇగ, కుర్సీలు గావాలె” అంది. వాళ్లు బిత్తరపోయి లేచారు. అవ్వ పరుగెత్తుకొచ్చింది.

“వదినె, ఇంటికచ్చినోళ్లను గట్ల లేవగొడ్తరా? నలుగురు ఏమనుకుంటరు?”

“నలుగురు అనుకునేది వాళ్లింట్ల అనుకుంటరు. నా తమ్ముడు ఒంటికి పోవాల్సింది గీ ఇంట్ల పిల్లా.”

నాకు అప్పుడు అర్థమైంది, అందరి ముందు నుంచి ఒంటికి పోవాల్సి వస్తుందనే బాపు నీళ్లు మానేశాడని, ఇల్లంతా మేం వచ్చేవాళ్ల కోసం సర్ది పెట్టామని. మంచం నడిమి అర్రకు మార్చాం. దానివల్ల సగం దూరం తగ్గింది. కాళ్లు తుడిచే పట్టాలన్నీ తీయించింది, అవి జారుతాయని. టేబుల్‌ఫ్యాను వైరుకు గోడ వెంట మేకులు కొట్టించింది. మంచం నుంచి బాత్‌రూం దాకా పోయే తొవ్వకు కుడి చేతి వైపు ఏమేం ఉండాలో వేలితో చూపించింది. మొదట పాత కొయ్య సందుగు పెట్టె, తర్వాత ఇనుప కాళ్ల కుట్టుమిషన్, ఆ తర్వాత ఫ్రిజ్, అక్కడి నుంచి గోడ. ఒకదాని మీది చెయ్యి తీయకముందే ఇంకోటి అందాలి. “పట్టుకుంటే కదిలేది ఏదీ గీ తొవ్వల ఉండద్దు” అంది. ఆ మాట ఆమే మరిచిపోయింది.

సాయంత్రం బాపును లేపాం. నేను వెనకాల నడిచాను, పట్టుకోలేదు. సందుగు, మిషన్, ఫ్రిజ్, గోడ. బాగానే పోయాడు. అత్త మా అందరి వైపు చూసి మెడ నిగిడించింది. వచ్చేటప్పుడు సంగతి తెలిసింది. మనిషి అటు తిరిగితే కుడి పక్క, ఎడమ పక్క మారిపోతాయి కదా. పోయేటప్పుడు అందినవన్నీ ఇప్పుడు పడిపోయిన చేతి వైపు ఉన్నాయి. పని చేసే చేతికి గాలి తప్ప ఏమీ లేదు. తడుముకుంటూ తడుముకుంటూ అక్కడ మిగిలిన ప్లాస్టిక్ కుర్చీ పట్టుకున్నాడు. అది సర్రున జారింది. నేను ఒడిసి పట్టుకోకపోతే తల మిషన్‌కు తగిలేది.

మంచం మీద కూలబడి బాపు గోడ వైపు తిరిగాడు. “నాతోటి గాదు. డబ్బ వెట్టుర్రి” అన్నాడు. ముద్ద మాటలో కూడా ఆ మాట స్పష్టంగా వచ్చింది. అవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది.

అత్త మొహం కందిపోయింది. ముందు ఆ కుర్చీని తిట్టింది. దాన్ని ఎత్తి పెరట్లోకి విసిరేసింది. తర్వాత చాలాసేపు సందుగు మీద కూర్చుంది. నేను డబ్బా కోసం మందుల దుకాణానికి పోవాలేమో అనుకుంటున్నాను.

అప్పుడు ఆమె లేచి తువ్వాలతో తన ఎడమ చెయ్యి నడుముకు కట్టించుకుంది. మా ఆవిడే కట్టింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, ఆ భారీ మనిషి, సందుగు పట్టుకుని, మిషన్ పట్టుకుని, ఫ్రిజ్‌ను కౌగిలించుకున్నంత పని చేస్తూ పోసాగింది. మాకు నవ్వాగలేదు. ఇంతలో మంచం మీది నుంచి ఇంకో నవ్వు వినిపించింది. బాపు ఇటు తిరిగి చూస్తున్నాడు. వంకర పోయిన మూతితో, జబ్బు చేసిన తర్వాత మొదటిసారి నవ్వుతున్నాడు.

“అక్కా, గట్ల గాదు. నువ్వు కాలు లేపుతున్నవ్. లెవ్వది. ఈడ్వాలె.”

“ఈడుస్తున్న గదరా.”

“గిప్పుడు తిరుగు. ఆగాగు... గీడ. గీడ చేతికేం దొరుకుతలేదు.”

అక్కడ నేల మీద నేను సుద్దముక్కతో గీత పెట్టాను. ఇంకో చోట చెప్పాడు, అక్కడా గీత పెట్టాను. ఆమె నడుస్తుంటే ఆయన మంచం మీద కూర్చుని లారీ రివర్స్ తీయించినట్టు “రైట్, రైట్, ఆగు” అంటున్నాడు. సాయంత్రమంతా మా ఇంట్లో అదే. ఆ గీతలన్నీ కలిపి చూస్తే, వచ్చేటప్పుడు కుడి చెయ్యి పడాల్సిన గోడకు ఒక బరువైన, నడుమెత్తు వస్తువు కావాలి. ఇంట్లో అంతటిది ఒక్కటే ఉంది, హాలులోని షోకేస్. దాన్ని జరపాలంటే ఖాళీ చేయాలి. అందరం అవ్వ వైపు చూశాం, అత్త మాత్రం చూడలేదు.

అవ్వ తాళం తీసింది, బంగారు అంచు కప్పులన్నీ ఒక్కొక్కటే దింపి వంటింట్లో స్టీలు గిన్నెల పక్కన బోర్లించింది. ఖాళీ షోకేస్‌ను అందరం జరిపాక, అది పట్టుకుంటే ఊగకుండా అడుగు అరల్లో బియ్యం సంచులు తనే ఈడ్చుకొచ్చి కుక్కింది. “సాలునా వదినె?” అంది. “సాలు పిల్లా” అంది అత్త. నాకు తెలిసి వాళ్లిద్దరూ సామాను గురించి ఒక్క మాట మీద ఉన్నది ఆ ఒక్కసారే.

తెల్లవారి వడ్రంగం చేసే వడ్ల ఆయన వచ్చి బాత్‌రూం తలుపు బయటికి తెరుచుకునేట్టు మార్చాడు. లోపలికి తెరుచుకుంటే, పడ్డ మనిషే తలుపుకు అడ్డమవుతాడని అత్త చెప్పింది. మేస్త్రీ లోపల గోడకు రెండు వైపులా ఇనుప పైపులు బిగించాడు. అత్త వాటిని పట్టుకుని తన బరువంతా వేసి ఊగింది. మేస్త్రీ భయపడ్డాడు గాని పైపులు కదలలేదు.

సిమెంటు ఆరిన తర్వాత బాపు మంచం దిగాడు. నేను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అత్త అందరినీ కసిరింది. “ఎవ్వలు సూడకుర్రి. మీ పనులు మీరు చేసుకోర్రి.” మాకు పనులేమీ లేవు. మా ఆవిడ మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెట్టింది. అత్త బనీను ముక్క తీసుకుని, పొద్దున తుడిచిన కిటికీ అద్దమే మళ్లీ తుడుస్తూ నిలబడింది. మా వెనక కొయ్య మీద చెయ్యి పడిన చప్పుడు, తర్వాత ఇనుము మీద, తర్వాత ఫ్రిజ్ మీద. తలుపు మూసుకున్న చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. అత్త చేతిలోని గుడ్డ అద్దం మీద ఒకే చోట ఆగిపోయింది. మళ్లీ తలుపు చప్పుడు, ఈసారి షోకేస్ కొయ్య చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు.

“అక్కా” అన్నాడు బాపు రొప్పుతూ. “దూపైతుంది.”

చెంబు ఆమే ఇచ్చింది. ఎత్తిన చెంబు దించకుండా తాగాడు, సగం గడ్డం మీది నుంచి కారింది. “తాగు తాగు, తొవ్వున్నది” అంది అత్త. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం చెంబు తీసుకుని మళ్లీ నింపడానికి లోపలికి పోయింది, అంత చిన్న పనికి చాలాసేపు రాలేదు.

ఆ తర్వాత బాపు మాట తేరుకుంది, చెయ్యి తేరుకోలేదు. మళ్లీ ఆస్పత్రికి పోవాల్సిన అవసరం రాలేదు. అత్త వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ అంగుళం జరిగినా కనిపెట్టి గొడవ చేసేది. కొత్త సోఫా కొందామని మా ఆవిడ అన్నప్పుడు ఏం అడిగిందో చెప్పాల్సిన పని లేదు.

ఆమె పోయిందని మెట్‌పల్లి నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. రాత్రి బాగానే తిన్నదట, తెల్లవారేసరికి లేదట. బాపుకు ఎట్లా చెప్పాలో మాకు తోచలేదు. చివరికి నేనే మంచం పక్కన కూర్చుని చెప్పాను. ఆయన కొంచెంసేపు తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత లేచాడు. నేను పట్టుకోబోతే ఆ చేత్తోనే ఆపాడు. సందుగు మీద చెయ్యి వేశాడు, మిషన్ మీద వేశాడు, ఫ్రిజ్ మీద వేశాడు, గోడ పట్టుకుని పోయి బాత్‌రూం లోపలికి చేరి తలుపు దగ్గరికి లాక్కున్నాడు. నల్లా పూర్తిగా తిప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ల చప్పుడులో కలిసి ఇంకో చప్పుడు కూడా వినిపించింది. అవ్వ లేవబోయి మళ్లీ కూర్చుంది. ఆ నల్లా ఆగేదాకా మేం ఎవరం కదలలేదు.